సల్ల అనని ఇల్లు

ఛత్రినాకలో విశ్వేశ్వర్ వాళ్ల పుట్నాల భట్టీ ఎప్పుడూ మండుతూనే ఉంటుంది. పొద్దున ఆరింటికి కొడుకు మనీష్ మొదటి గంప పల్లీపొట్టు పొయ్యిలో పోస్తాడు. ఇనుప కడాయిలో ఇసుక కాగాక నానబెట్టిన శనగలు అందులో పడతాయి, టపటపమని పేలి పుట్నాలవుతాయి. ఎనిమిదింటికల్లా ఆ వాసన సందు చివరిదాకా పోతుంది, బస్సు కోసం నిలబడ్డవాళ్లు లేని ఆకలి తెచ్చుకుంటారు. విశ్వేశ్వర్ ముందు దుకాణంలో కూర్చుని తూకం వేస్తుంటాడు. మూడు తరాల కింద ముట్టించిన నిప్పు అది. ఒక్కనాడూ ఆరలేదు.

అందుకే ఆ ఇంట్లో ఒక మాట అనరు. ‘సల్ల’ అనరు. భట్టీ విని చల్లారిపోతుందని భయం. అన్నం చల్లారితే ‘అన్నం దిగింది’ అంటారు. వాన వెలిశాక మంచి గాలి వీస్తే ‘గాలి నిమ్మళమైంది’ అంటారు. ఊరంతా సల్ల అని తాగేదాన్ని వీళ్లు మజ్జిగ అంటారు. పాలు పోసే నీలమ్మ ప్రతి ఎండాకాలం ‘ఏందమ్మా, మీరు గుంటూరోళ్లయిండ్రా?’ అని ఆటపట్టిస్తుంది. పేరంటాల్లో ముత్తయిదువలందరూ ‘నీ కడుపు సల్లగుండ’ అని దీవిస్తుంటే, విశ్వేశ్వర్ భార్య నాగమణమ్మ మాత్రం ‘మంచిగుండు బిడ్డా’ అని నాలుగు అక్షింతలు వేసి పక్కకు జరుగుతుంది. ఆ ఇంటి కోడలై ముప్పై ఎనిమిదేళ్లయింది. ఇన్నేళ్లలో ఆ మాట ఆమె నోట రాలేదు.

ఇక ఎండ్రకాయలు. మన ఇళ్లలో బల్లులున్నట్టు ఆ ఇంట్లో భట్టీ చుట్టూ రాళ్ల సందుల్లో ఎండ్రకాయలుంటాయి. అరచేతంత ఉంటాయి, తెల్లగా, రొమ్ము నిండా దూదిలాంటి నూగుతో. కళ్లు ఉండాల్సిన చోట రెండు మచ్చలుంటాయి. వేడి ఎక్కడ ఎక్కువుంటే అక్కడ చేరి, పొగలోకి చేతులు చాచి ఊపుతుంటాయి. ఆ నూగు మీద ఏదో పండుతుంది, దాన్నే దువ్వుకుని తింటాయి. ఎవరి జోలికీ పోవు. లైసెన్సు పనిమీద వచ్చిన ఇన్‌స్పెక్టరు ఎలుక బొరియలు లెక్కపెట్టి రాసుకున్నాడు గానీ ఎండ్రకాయల మీదుగా చెప్పు ఎత్తి దాటి పోయాడు.

నాగమణమ్మ కాపురానికి వచ్చిననాడు అవి వందకు తక్కువ లేవు. ఇప్పుడు తొమ్మిది. అందులో ఆడది ఒక్కటే. ఎండ్రకాయలున్నన్నాళ్లే భట్టీ అని అత్త చెప్పి పోయింది. ఇంకో పద్ధతి కూడా నేర్పి పోయింది. ఆడ ఎండ్రకాయకు పొట్ట కింద సగ్గుబియ్యంలాగా గుడ్లు పడగానే అది వేడి వదిలేసి వాకిట్లో నీళ్లుండే రాతి హౌజు వైపు నడుస్తుంది. అప్పుడు కోడలు చాట పట్టుకుని పోవాలి. దానికి పసుపూ కుంకుమా పెట్టి, ‘అలగకు తల్లీ, ఇంటికి పోదాం పా’ అని చాటలో కూర్చోబెట్టి తెచ్చి, భట్టీ మూతి దగ్గర అన్నిటికన్నా వెచ్చటి రాయి మీద వదలాలి. అలిగిన ఆడబిడ్డను బతిమాలి తెచ్చుకున్నట్టు. ఈ పనిలో నాగమణమ్మ ఎన్నడూ లోటు చేయలేదు.

కోడలు రశ్మికి ఇప్పుడు ఐదో నెల. ఇది మూడోసారి. మొదటిది ఆరో నెలలో పోయింది, రెండోది ఏడో నెలలో. కోడళ్ల గది భట్టీ గోడకు ఆనుకుని ఉంటుంది, బాలింతకు వెచ్చన మంచిదని. ఆ గోడ మీద చెయ్యి వేస్తే జ్వరమొచ్చినవాళ్ల నుదురు ముట్టుకున్నట్టే ఉంటుంది. డాక్టరమ్మ రెండుసార్లూ ఒకటే మాట చెప్పింది, ‘ఆ వేడిల ఉండకమ్మా, మీ తల్లిగారింటికి పో’ అని. రశ్మి తల్లిగారిల్లు ఎక్కడో లేదు, చాంద్రాయణగుట్టలో. ఫ్లైఓవర్ దిగాక రెండో సందు, ఆటోకి ఇరవై నిమిషాలు. రెండుసార్లు రశ్మి సంచి సర్దుకుని పోయింది. రెండుసార్లూ పొద్దు గూకక ముందే నాగమణమ్మ పసుపు కుంకుమ పట్టుకుని ఆటోలో వచ్చి తెచ్చుకుంది.

నాగమణమ్మ గయ్యాళి కాదు, భయస్తురాలు. ఆమె వచ్చిన ఏడాదే తోడికోడలు కాశమ్మ అత్తతో లొల్లి పెట్టుకుని కాన్పుకు తల్లిగారింటికి పోయింది. తిరిగి రాలేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. ఆ రోజు నుంచి ఆ ఇంటి కోడలు కాన్పుకు గడప దాటలేదు. నాగమణమ్మ కూడా దాటలేదు. మనీష్ కన్నా ముందు ముగ్గుర్ని ఆ వెచ్చటి గదిలోనే పోగొట్టుకుంది. నసీబు అనుకుంది.

పై వాటాలో మైథిలి అని చీరాల అమ్మాయి అద్దెకుంటుంది. సముద్రం లేని హైదరాబాదులో సముద్రం ఆఫీసొకటి ఉంది, అందులో కాంట్రాక్టు మీద పనిచేస్తుంది. సముద్రం అడుగున తీసిన వీడియోలు చూస్తూ పీతల్ని లెక్కపెట్టడం ఆమె కొలువు. చీరాలలో పీతలు, ఛత్రినాకలో ఎండ్రకాయలు. ఇల్లు చూసుకోవడానికి వచ్చిన రోజున భట్టీ దగ్గర వాటిని చూసి, ‘ఓహో, మీకూ ఉన్నాయాండీ’ అంది. మర్నాడు సామాను తెచ్చుకుంది.

బోనాలైన మర్నాడు ఆడ ఎండ్రకాయ బయల్దేరింది. వాకిలి దాటి హౌజు దగ్గరికి పోయింది. హౌజు ఎక్కడిది? రెండేళ్ల కిందట మనీష్ అందులో మొరం పోయించి, పైన సిమెంటు చేయించి, శనగ బస్తాలు వేసుకున్నాడు. ఎండ్రకాయ ఆ సిమెంటు మీద గోకి గోకి, చివరికి పొట్ట నేలకానించి కూర్చుండిపోయింది. నాగమణమ్మ చాట తెచ్చింది. కుంకుమ పెట్టి ఎత్తుకుని లేచేసరికి, తడి బట్టల బకెట్టుతో మైథిలి మెట్లు దిగుతోంది.

“దాన్నెక్కడికి తీసుకెళ్తున్నారు ఆంటీ?”

“ఇంట్లకు. అలిగి వొయ్యింది. భట్టీ కాడ పెడత.”

“అయ్యో, వద్దండీ. గుడ్లతో ఉంది కదా, ఉడికిపోతాయి.”

నాగమణమ్మ నవ్వింది. “ముప్పై ఎనిమిదేండ్ల సంది పెడుతున్న బిడ్డా. నువ్వు నిన్నగాక మొన్నొచ్చినవ్.”

మైథిలి బకెట్టు కింద పెట్టింది. “మరి ఎప్పుడన్నా పిల్లలయ్యాయా?”

“ఏడ అయితయి? నాలుగు దినాలకు గుడ్లు నల్లగయి రాలుతయి. దాని నసీబు.” ఆ మాట అంటూనే నాగమణమ్మ చాటలోకి వంగి చూసింది. “పొయ్యి సందుల ఇంకేడన్న పెడుతయేమో, నాకేం తెలుసు. ఒక్క పిల్లనన్న నేను కండ్ల జూడలె.”

మైథిలి పైకి పోయి లాప్‌టాప్ తెచ్చి శనగ బస్తా మీద పెట్టింది. తెరంతా నలుపు. ఆ నలుపులో రాతి గొట్టం లాంటిదొకటి, దాంట్లోంచి తన్నుకొస్తున్న నల్లటి పొగ, చుట్టూ కుప్పలుగా తెల్లటి ఎండ్రకాయలు, చేతులు చాచి ఊపుతూ.

“ఇది మన భట్టీయే గదా?” అంది నాగమణమ్మ.

“సముద్రం అడుగుదండీ. రెండు మైళ్ల లోతు. ఎండ కూడా చేరదు అక్కడికి.”

“మరి ఎవరు ముట్టిచ్చిండ్రు?”

“భూమే ముట్టించుకుంది. నేల చీలిన చోట లోపలి వేడికి నీళ్లు కాగి పైకొస్తాయి. వీటి తిండంతా ఆ వేడి దగ్గరే. మగవి అక్కడే ఉండిపోతాయి. ఆడదానికి గుడ్లు పడ్డాయనుకోండి, ఇదిగో, ఇలా బయటికి నడుస్తుంది.” మైథిలి వేలు పెట్టిన చోట, గుంపుకు చాలా దూరంలో, ఒక తెల్ల చుక్క ఒంటరిగా ఉంది.

“ఎందుకు పోతది? ఎవరేమన్నరు దాన్ని?”

“ఎవరూ ఏమీ అనలేదు ఆంటీ. గుడ్లకి ఆ వేడి పడదు. చన్నీళ్లు కావాలి. అక్కడ దానికి తిండుండదు, నూగు మీద పంట వేడిలోనే కదా పండేది. అయినా పోతుంది. నెలల తరబడి పస్తుంటుంది, బక్కచిక్కిపోతుంది. పిల్లలయ్యేదాకా వెనక్కి రాదు.”

“అయితే అలగలేదా?”

“లేదండీ. పురిటికి వెళ్తోంది, అంతే.”

నాగమణమ్మ చాట ఒడిలో పెట్టుకుని బస్తా మీద కూర్చుంది. తెర మీది చుక్కను చూస్తూ అడిగింది. “మల్ల వస్తదా?”

మైథిలి అబద్ధం చెప్పలేదు. “కొన్ని వస్తాయి. కొన్ని రావు. రాకపోయినా పిల్లలు బతుకుతాయి.” మరీ కటువుగా అన్నానేమోనని ఇంకో ముక్క కలిపింది. “ఆ వేడి దగ్గరే బతికే ఇంకో జాతి ఉందండీ. వాటి పిల్లలకి పుట్టినప్పుడు చక్కగా కళ్లుంటాయి. పెద్దయి వేడి దగ్గర స్థిరపడ్డాక చూపు పోతుంది.”

నాగమణమ్మ చాటలో ఎండ్రకాయ మొహం మీది రెండు మచ్చల్ని చూసింది. ఏడాదికి మూడు లెక్కన ఎన్నయ్యాయో కూడితే నూరు దాటింది. నూరుసార్లు పసుపు పెట్టింది, నూరుసార్లు బతిమాలింది, నూరుసార్లు తన చేతుల్తోనే తీసుకుపోయి నిప్పు పక్కన దించింది. ప్రేమతోనే చేసింది. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా ఉంది. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మనీష్ కడుపులో ఉన్న ఏడు తెగ వానలు. పల్లీపొట్టు అంతా తడిసిపోయి భట్టీ మూడు నెలలు ఊపిరి బిగబట్టినట్టు సన్నగా మండింది. గదిలో గోడ చేతికి మామూలు గోడలా తగిలేది. ఆ ఏడు దేవుడు కరుణించాడని ఊరంతా పంచదార పంచారు.

తలుపు దగ్గర రశ్మి జల్లెడ పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో.

“అత్తమ్మా,” అంది, గొంతు పెంచకుండానే. “నన్ను గూడ గిట్లనే తెచ్చినవు గదా రెండుసార్లు. చాట ఒక్కటే తక్కువ.”

నాగమణమ్మకు కోపం రావాలి. రాలేదు. గుండె మీద ఎవరో కాగిన ఇసుక పోసినట్టయింది. ఎండ్రకాయను భట్టీ దగ్గరికి తీసుకుపోలేదు. ఒక గోనెపట్టా తడిపి, వాకిట్లో నీడన పరిచి, దానిమీద పెట్టింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర విశ్వేశ్వర్‌కి విషయం తెలిసి పళ్లెంలో చెయ్యి ఆగిపోయింది. “ఏంది గిది? ఆడది ఒక్కటే మిగిలింది. గది గూడ సచ్చిపోతె భట్టీ ఉంటదా? తెచ్చి పొయ్యి కాడ పెట్టు.”

“పొయ్యి కాడ పెడ్తెనే సస్తయి. దానికి నీళ్లు గావాలె. హౌజేమో మనీష్ పూడిపిచ్చె.”

“బకెట్ల పెట్టరాదే?” అన్నాడు మనీష్.

“బకెట్ల కాన్పయితదారా? బాయి గావాలె.” నాగమణమ్మ భర్త పళ్లెంలో పప్పు వేస్తూ, ఉప్పు చాలిందా అని అడిగినంత మామూలుగా అంది. “చాంద్రాయణగుట్టల రశ్మోళ్ల తల్లిగారింట్ల మెట్ల బాయి ఉన్నది. ఆడికి పంపుత. రశ్మి తోడు పోతది.”

విశ్వేశ్వర్ తలెత్తాడు. “మనింట్ల కోడలు కాన్పుకు బయటికి పోదు. గా కాశమ్మ సంగతి యాది మరిచినవా?”

“మరువలె.” గరిటె గిన్నెలో పెట్టిన చప్పుడు గట్టిగానే అయింది. “రశ్మి కాన్పుకు పోతలేదు. ఎండ్రకాయ పోతున్నది. కడుపుతోటి ఉన్నదానికి కడుపుతోటి ఉన్నదే తోడు పోవాలె. మనింటి పద్ధతి.”

“అమ్మ నాకెన్నడు గీ పద్ధతి చెప్పలె.”

“మీకెందుకు చెప్తది? కోడండ్లకు చెప్పింది.”

అత్త అలాంటిదేమీ చెప్పలేదు. ఆ పద్ధతి పుట్టి పప్పు వడ్డించినంత సేపు కూడా కాలేదు. కానీ ఆడవాళ్ల పద్ధతులు ఆడవాళ్లకే తెలుస్తాయి. “ఎన్ని దినాలు?” అని మాత్రం అడిగాడు విశ్వేశ్వర్.

“దాని పిల్లలయ్యేదాక.”

ఆ సాయంత్రమే ఆటో వచ్చింది. రశ్మి ఒడిలో తడిగోనె పరిచిన చాట, చాటలో ఎండ్రకాయ. నాగమణమ్మ ఇద్దరికీ పసుపు రాసి కుంకుమ పెట్టింది. అక్షింతలు చేతిలోకి తీసుకుంది. ఏ మాట అనాలో ఆమెకు తెలుసు. నాలుక మీదిదాకా వచ్చింది. వెనక భట్టీలో నిప్పు చిటపటమంది. “మంచిగుండు బిడ్డా,” అనేసి అక్షింతలు వేసింది. ఆటో మలుపు తిరిగేదాకా తనను తాను తిట్టుకుంటూనే నిలబడింది.

ఆ తర్వాత నాలుగు నెలలు నాగమణమ్మకు నిద్ర సరిగ్గా లేదు. పొద్దు గూకే వేళకు పసుపు డబ్బా పట్టుకుని గేటుదాకా పోవడం, ఆటోను పిలవబోయి వెనక్కి రావడం అలవాటైంది. రోజూ ఫోన్ చేసేది. రశ్మి తల్లి ఆండాలు ఓపిగ్గా అన్నీ చెప్పేది. ఎండ్రకాయ బావిలో మూడో మెట్టు మీద, నీళ్లలో ఉంది. ఏమీ తినడం లేదు. రశ్మి పొద్దున పూట బావి గట్టు మీదే కూర్చుంటోంది. ఆరో నెల దాటింది. ఏడో నెల దాటింది. ‘ఎండ్రకాయ మస్తు బక్కగయింది వదినే’ అని ఆండాలు చెప్పిన రోజున నాగమణమ్మకు అన్నం సహించలేదు. బక్కచిక్కింది రశ్మేనన్నట్టు మనసు పీకింది. ఎనిమిదో నెల దాటినా సంతోషం రాలేదు. కొన్ని వస్తాయి, కొన్ని రావు. ఆ మాట భట్టీ పొగలా ఇల్లంతా పట్టేసింది. ఖాళీ గదిలోకి పోయి వేడి గోడను ముట్టుకుని వచ్చేది. ‘నేనే పంపిన, పోతె నాదే పాపం’ అని పైకే అనుకునేది.

కార్తీకమాసంలో ఒకరోజు, మనీష్ మొదటి గంప పొట్టు పోస్తుండగా ఫోన్ మోగింది. ఆండాలు.

“వదినే, పోయింది.” ఆండాలు ముక్కు చీదింది. “తెల్లారంగ జూస్తె పాణం లేదు.”

మన భాషలో ఇదొక చిక్కు. కోడలు పోయినా పోయిందే, ఎండ్రకాయ పోయినా పోయిందే. నాగమణమ్మ ఫోన్ పట్టుకుని శనగ గంపల మధ్య కూర్చుండిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ల కింద కాశమ్మ కబురు తెచ్చినవాడు కూడా ఈ వాకిట్లోనే, ఈ ఒక్క మాటే అన్నాడు.

“పిల్లలు మాత్రం అన్ని మంచిగున్నయి వదినే,” అంది ఆండాలు. “బాయి నిండ తిరుగుతున్నయి.”

ఉన్నయి. ఉన్నరు కాదు. నాగమణమ్మ ఆ ఒక్క అక్షరాన్ని రెండు చేతులా పట్టుకుంది. “రశ్మి?”

“రశ్మికేమయింది? గట్టు మీద కూసొని ఏడుస్తున్నది. నొప్పులింక రాలె. డాక్టరమ్మ ఇంకో వారం అన్నది.”

నాగమణమ్మ లేచింది. రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. పసుపు డబ్బా చేతిలోకి తీసుకుని, కొంచెంసేపు చూసి, మళ్లీ గూట్లో పెట్టేసింది. దుకాణంలో విశ్వేశ్వర్ “ఎక్కడికి?” అంటే “తల్లిగారింటికి” అని ఆటో ఎక్కింది. ఎవరి తల్లిగారింటికో ఆయనకు అర్థం కాలేదు.

ఆండాలు ఇంట్లో ముందు బావి దగ్గరికే పోయింది. మూడో మెట్టు మీద తల్లి ఎండ్రకాయ కాళ్లు ముడుచుకుని ఉంది. నూగంతా రాలిపోయి, గుల్ల కాగితంలా పల్చబడి, వెనక మెట్టు కనిపిస్తోంది. నీళ్లలో గోరంత పిల్లలు, లెక్కకందనన్ని. ఒక్కోదానికీ ఆవగింజల్లాంటి రెండు నల్లటి కళ్లు. నాగమణమ్మ వంగితే అవన్నీ ఆగి ఆమెకేసి చూశాయి. తమవైపు చూసే ఎండ్రకాయలు ఛత్రినాక ఇంట్లో ఎవరి ఎరుకలోనూ లేవు. “మీ అమ్మను ముందుగాల్నే పంపాల్సుండె,” అంది వాటితో. మోచేతుల దాకా నీళ్లలో ముంచి అలాగే ఉండిపోయింది. ఏడ్చింది. నూరు కాన్పులకూ కలిపి ఆ ఒక్కసారే ఏడ్చింది.

ఆండాలు గ్లాసు తెచ్చింది. “మజ్జిగ తాగుండ్రి వదినే,” అంది, వియ్యపురాలి ఇంటి సంగతి తెలుసు కాబట్టి జాగ్రత్తగా. నాగమణమ్మ గ్లాసు అందుకుని గట్టు మీద రశ్మి పక్కన కూర్చుంది.

రశ్మి మొహం నిండుగా ఉంది, కళ్లు మాత్రం ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. అత్త చేతుల వైపు చూసింది, పసుపు డబ్బా కోసం. “తోల్కపోతందుకొచ్చినవా అత్తమ్మా?”

“కాదు. ఉండేతందుకొచ్చిన.”

రశ్మి దగ్గరికి జరిగింది. అత్త భుజం మీద తల వాల్చింది. నాగమణమ్మ తన అరచెయ్యి చూసుకుంది. ముప్పై ఎనిమిదేళ్లు నిప్పు పక్కన కాగిన చెయ్యి, ఇప్పుడు బావినీళ్లలో వేడి దిగింది. దాన్ని తీసుకుపోయి కోడలి కడుపు మీద పెట్టింది. లోపల బిడ్డ ఒక్క తన్ను తన్నింది.

“నీ కడుపు సల్లగుండ బిడ్డా,” అంది. ఒకసారి అన్నాక ఆగలేదు. “సల్లగుండ. సల్లగుండ.”

ఆ రోజు ఛత్రినాకలో భట్టీ ఏమీ ఆరిపోలేదు. మనీష్ పదకొండింటికి రెండో గంప పొట్టు పోశాడు.